రెండో నంబరు పెట్టె: ఎముకల ప్రాజెక్టు డైరీ

జూన్ 9

మా డిపార్ట్‌మెంట్ స్టోర్ రూమ్‌లో పాత ఇనప బీరువా ఒకటి ఉంది. దాంట్లో ఏడు అట్టపెట్టెలు. ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో స్టేషన్ పేరు, క్రైమ్ నంబరు, తేదీ. లోపల మనుషుల ఎముకలు. కాలువ గట్టున దొరికినవాళ్ళు ఒకరు, పాడుబడ్డ బావిలో ఒకరు, వెంచర్ కోసం జేసీబీతో నేల చదును చేస్తుంటే బయటపడినవాళ్ళు ఇంకొకరు. గుర్తు తెలియని శవం కింద కేసు కట్టారు. ఒకప్పుడు సీఆర్‌పీసీ 174, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 194. పంచనామా జరిగింది, పరీక్షకు పంపారు, ఇక్కడ రిపోర్టు ఇచ్చారు. ఆ తర్వాత మా మనిషేనా అని అడగడానికి ఎవరూ రాలేదు.

నేను ఫోరెన్సిక్ మెడిసిన్‌లో రెండో ఏడాది పీజీని. థీసిస్ వేరే ఉంది, ఇది మా గైడ్ మేడమ్ విడిగా అప్పజెప్పిన పని. "కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదమ్మా. ఈ ఏడు పెట్టెల్నీ మొదట్నుంచి మళ్ళీ చూడు. పాత రిపోర్టులు నా దగ్గరే ఉంటాయి. అన్నీ అయ్యాకే ఇస్తాను" అన్నారు. ముందే చదివితే కళ్ళు ఆ రిపోర్టు వెంటే పోతాయని ఆవిడ భయం.

మార్చురీ అన్న బీరువా తాళం తీసేముందు చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను. ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో సీనియర్ అక్క దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న బోన్ సెట్ గుర్తొచ్చింది. హాస్టల్ మంచం కింద గోనెసంచిలో ఉండేది. పరీక్ష ముందు రాత్రి తొడ ఎముకను పక్కలో పెట్టుకునే నిద్రపోయాను. అది ఎవరిదో అని ఒక్కసారీ అనుకోలేదు. 1985లో కేంద్రం నిషేధించేదాకా మన దేశం నుంచి అస్థిపంజరాలు ప్రపంచమంతటా మెడికల్ కాలేజీలకు ఎగుమతి అయ్యేవి. అలా వెళ్ళినవాళ్ళలో ఎవరికీ పేరు లేదు. ఈ ఏడుగురి విషయంలో అయినా చేయగలిగింది చేయాలి.

జూన్ 14

ముందు కొలిచే సాధనం కావాలి. పొడుగు ఎముకల్ని టేపుతో కొలవకూడదు. ఎముక వంపు తిరిగి ఉంటుంది, టేపు ఆ వంపు వెంటే పోతుంది. ఆస్టియోమెట్రిక్ బోర్డు అని ఒకటుంటుంది: చదునైన పలక, ఒక చివర కదలని నిలువు చెక్క, రెండో వైపు జరిగే చెక్క, మధ్యలో స్కేలు. మా దగ్గరున్న బోర్డుకు ఆ జరిగే చెక్కే లేదు. కొత్తది కొనాలంటే నెలలు పడుతుంది. అందుకని మా వీధి చివర వడ్రంగి మామ దగ్గరికి వెళ్ళాను. దేనికని అడిగితే నిజమే చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ప్లైవుడ్ కాదు, టేకు ముక్క ఉంది, అది వేస్తాను" అన్నాడు. డబ్బులు తీసుకోలేదు.

75 సెం.మీ. పలక, గాడి తీసి అందులో బిగించిన 60 సెం.మీ. స్టీలు స్కేలు. తెచ్చిన రోజే సరిచూశాను. సరిగ్గా 30 సెం.మీ. పొడవున్న ఇనప కడ్డీ పెడితే 29.7 చూపించింది. స్కేలుకు సున్నా గీత దాకా ఖాళీ అంచు ఉంది, నిలువు చెక్క ఆ అంచుకు ఆనుకుని కూర్చుంది. అంటే కొలిచిన ప్రతి ఎముకా 3 మి.మీ. పొట్టి అయ్యేది. మామ స్కేలు వెనక్కి జరిపి మళ్ళీ బిగించాడు. జరిగే చెక్కకు మూలమట్టం పెట్టి చూస్తే పైన కాస్త వాలి ఉంది, దాన్నీ చిత్రిక పట్టాడు. ఇప్పుడు కడ్డీని పదిసార్లు పెట్టినా 30.0 చూపిస్తోంది.

జూన్ 23

వారమంతా కడగడం, పరవడం, లెక్క రాయడం. గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి టూత్ బ్రష్, నీడలో ఆరబెట్టడం. బ్లీచింగ్ తగలనివ్వకూడదు, ఉడకబెట్టకూడదు, ఎండలో పెట్టకూడదు. పగుళ్ళొస్తాయి, డీఎన్‌ఏ పాడవుతుంది. పెట్టెలో మిగిలిన మట్టిని కూడా పిండి జల్లెడలో పట్టాను. వేళ్ళ ఎముకలు, ఊడిన పళ్ళు అందులోనే దొరుకుతాయి. మూడు పళ్ళు దొరికాయి.

రెండు పెట్టెల్లో మేక ఎముకలు కలిశాయి. బావిలోంచి, కాలువలోంచి ఏరినప్పుడు కనిపించిన ప్రతిదీ సంచిలో వేస్తారు కదా. ఐదో పెట్టెలో రెండు ఎడమ మడమ ఎముకలు ఉన్నాయి. మనిషికి ఎడమ మడమ ఒకటే కాబట్టి అందులో కనీసం ఇద్దరున్నారు. పెట్టె మీద ఒకే క్రైమ్ నంబరు. మేడమ్‌కి వెంటనే ఫోన్ చేశాను. ఆవిడ చాలాసేపు మౌనంగా ఉండి, "రేపు ఇద్దరం కలిసి విడదీద్దాం" అన్నారు. దాని గురించి వేరుగా రాస్తాను, అది పెద్ద కథ.

ఇక్కడ రెండో నంబరు పెట్టె గురించే రాయాలనుకుంటున్నాను. అన్నింటిలో బాగా నిలిచింది అదే. పుర్రె, కింది దవడ, రెండు తుంటి ఎముకలు, రెండు తొడ ఎముకలు, ఎడమ టిబియా (మోకాలి కింద ఉండే పెద్ద ఎముక), ఎడమ కాలర్ బోన్, కుడి ముంజేతి రెండు ఎముకలు, కొన్ని పక్కటెముకలు, వెన్నుపూసలు. పెద్దవాళ్ళకు ఉండే 206లో నా లెక్కకు 71 వచ్చాయి. చాలావాటి చివర్లు కుక్కలు కొరికినట్టు నలిగి ఉన్నాయి. ఎడమ తుంటి ఎముక పై అంచున పచ్చటి మరక ఒకటి, రూపాయి బిళ్ళంత. రాగి ఎముకను ఆనుకుని చాలాకాలం ఉంటే అలాంటి మరక పడుతుంది. మొలతాడుకు కట్టుకున్న రాగి తాయెత్తు అయ్యుండొచ్చని మార్చురీ అన్న అన్నాడు. నోట్‌బుక్‌లో 'ఊహ' అని రాసి, ఆ పక్కన ఆయన మాట రాసుకున్నాను.

జూన్ 30

ఈ రోజు నా తప్పు రాయాలి.

రెండో పెట్టె తొడ ఎముక తల వ్యాసం వెర్నియర్‌తో కొలిస్తే 42.2 మి.మీ. వచ్చింది. మేం చదువుకునే అమెరికా లెక్కల్లో 42.5 కంటే తక్కువైతే స్త్రీ, 47.5 దాటితే పురుషుడు, మధ్యలో ఉంటే తేల్చి చెప్పకూడదు. ఎముకలు కూడా సన్నగా ఉన్నాయి. పెన్సిల్‌తో 'స్త్రీ' అని రాసేశాను. మిగతావి చూడకుండానే రాశాను.

మధ్యాహ్నం తుంటి ఎముకల మట్టి పూర్తిగా వదిలాక చూస్తే కథ తిరగబడింది. గ్రేటర్ సయాటిక్ నాచ్ అని వెనక వైపు ఒక గాటు ఉంటుంది. స్త్రీలకు అది వెడల్పుగా ఉంటుంది, బొటనవేలు పెడితే అటూ ఇటూ కదులుతుంది. ఇందులో నా వేలు బిగుసుకుంది. కుడి వైపు ముందు భాగం కుక్కలు తినేశాయి కానీ ఎడమ వైపు ముందు భాగం, అంటే ప్యూబిస్, చెక్కుచెదరలేదు. ఫెనిస్ అనే పరిశోధకుడు 1969లో చెప్పిన మూడు గుర్తులు దాని మీదే చూడాలి: ముందు వైపు ఏటవాలుగా ఉబ్బిన గీత, దాని కింద అంచు లోపలికి వంగడం, లోపలి అంచు కత్తిలా పదునుగా ఉండటం. స్త్రీలలో కనిపించే గుర్తులివి. మూడూ లేవు. అంచు వెడల్పుగా, మొద్దుగా ఉంది. పురుషుడే.

కాన్పు కోసం తుంటి ఎముకల ఆకారమే మారుతుంది కాబట్టి అవి మిగతా ఎముకల కన్నా నిజం చెబుతాయి. తొడ ఎముక తల చెప్పేది సైజు ఒక్కటే. బక్కపలచని మన పల్లెటూరి మగవాణ్ణి ఎత్తుగా, లావుగా ఉండే జనం మీద కట్టిన లెక్కలో పెడితే ఆడమనిషి అయిపోతాడు. ఇదంతా క్లాసులో చెప్పారు, పరీక్షలో రాశాను కూడా. అయినా పొరపాటు చేశాను. నేను 'స్త్రీ' అని సంతకం పెట్టి ఉంటే, ఇతన్ని వెతుక్కునే తల్లి ఈ బీరువా దాకా ఎప్పటికీ వచ్చేది కాదు. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఇకనుంచి తుంటి ఎముక చూడనిదే ఆ గడిలో పెన్సిల్ కూడా పెట్టను.

జూలై 4

వయసు. పిల్లలకైతే పళ్ళను బట్టి ఏడాది రెండేళ్ళ తేడాతో చెప్పొచ్చు. ఎదుగుదల ఆగాక మిగిలేది అరుగుదలే, అది ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. ముందు వైపు రెండు ప్యూబిక్ ఎముకలు కలిసే తలం కుర్రవాళ్ళకు దున్నిన చేనులా గాళ్ళు గాళ్ళుగా ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ చదునవుతుంది, తర్వాత గుంటలు పడుతుంది. టాడ్ 1920లో దాన్ని పది దశలుగా చెప్పాడు. ఇప్పుడు వాడుతున్న సూచీ-బ్రూక్స్ పద్ధతిలో ఆరు దశలు. రెండో పెట్టె మనిషిది మూడో దశ. పురుషుల్లో మూడో దశ అంటే 21 నుంచి 46 ఏళ్ళు. పాతికేళ్ళ వెడల్పు!

కాలర్ బోన్ ఆదుకుంది. రొమ్ము ఎముక వైపు ఉండే దాని చివర మన ఒంట్లో అన్నింటికన్నా ఆలస్యంగా అతుక్కుంటుంది, ముప్పై దగ్గర పడేదాకా ఆ అతుకు కనబడుతూ ఉండొచ్చు. ఇందులో సగం అతుక్కుంది, అంచున సన్నటి గాడి ఇంకా ఉంది. రెండూ కలిపి 21 నుంచి 30 మధ్య అని రాశాను. మేడమ్ లెన్స్‌తో చూసి సరేనన్నారు.

నాకంటే చిన్నవాడు కావచ్చు.

జూలై 11

ఎత్తు తేల్చడానికి మూడు రోజులు పట్టింది. టిబియా దగ్గర పెద్ద చిక్కొచ్చింది.

ముందు తొడ ఎముక. 43.4 సెం.మీ. వారం తేడాతో రెండుసార్లు కొలిచినా అంతే. ట్రాటర్, గ్లెసర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1952లో అమెరికన్ తెల్లజాతి పురుషులకు ఇచ్చిన సూత్రంలో వేశాను: 2.38ని 43.4తో గుణించి 61.41 కలిపితే 164.7 సెం.మీ. ఆసియా పురుషులకని వాళ్ళే 1958లో ఇచ్చిన సూత్రంతో 165.9. తొడ ఎముక మనిషి ఎత్తులో 27 శాతం అని మా పాఠ్యపుస్తకం చెప్పే మోటు లెక్క వేస్తే 160.7. మన దేశంలో పాన్ 1924లో బెంగాల్, బీహార్, ఒరిస్సా వాళ్ళ మీద, నాట్ 1931లో యునైటెడ్ ప్రావిన్సెస్ వాళ్ళ మీద ఇలాంటి లెక్కలు కట్టారు. ఇతనిది ఈ ప్రాంతమే అయితే అవీ పరాయివే.

తర్వాత టిబియా. కొలతలో నా చెయ్యి ఎంత నిలకడగా ఉందో తెలుసుకోవడానికి పది ఎముకల్ని వారం తేడాతో రెండుసార్లు కొలిచాను. తొమ్మిదింటిలో తేడా ఒక మిల్లీమీటరు దాటలేదు. ఈ టిబియాలో మాత్రం 12 మి.మీ.! ఒకసారి 36.4, ఇంకోసారి 35.2. బోర్డు వదులైందేమోనని మళ్ళీ కడ్డీ పెట్టి చూశాను, 30.0. తప్పు నాదే. టిబియా కింది చివర లోపలి వైపు చీలమండ దగ్గర ఒక ముక్క పొడుచుకొస్తుంది, మెడియల్ మాలియోలస్. మొదటిసారి దాన్ని కలిపి కొలిచాను, రెండోసారి దాన్ని వదిలి పాదం ఆనే తలం వరకే కొలిచాను. ఏది సరైనదో తేల్చుకుందామని పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, ఇదే చిక్కు మిల్‌డ్రెడ్ ట్రాటర్ దగ్గర కూడా ఉందని.

రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన అమెరికన్ సైనికుల ఎముకల్ని ట్రాటర్ హవాయిలో కొలిచారు. సైన్యంలో చేరినప్పుడు రాసుకున్న ఎత్తులు కాగితం మీద ఉన్నాయి, ఎముకలు ఎదురుగా ఉన్నాయి. ఆ రెండింటి నుంచీ పుట్టిన సూత్రాలే ఇవి. టిబియాను మాలియోలస్‌తో కలిపి కొలిచానని ఆమె రాశారు. నలభై ఏళ్ళ తర్వాత జాంట్జ్, మరికొందరు పరిశోధకులు పాత కొలతలు మళ్ళీ పరిశీలిస్తే నిజానికి ఆ ముక్క వదిలేసి కొలిచారని తేలింది. అంటే ఆమె రాసినట్టే కలిపి కొలిచి, ఆమె సూత్రంలోనే వేసినవాళ్ళందరికీ ఎత్తు ఎక్కువ వచ్చింది. నా టిబియాతో వేసి చూశాను: కలిపితే 170.3, వదిలితే 167.3. మూడు సెంటీమీటర్ల తేడా. ఒక బొటనవేలి గోరంత ఎముక ముక్క దగ్గర.

ఎత్తుకు తొడ ఎముకనే నమ్ముకున్నాను. ఆ సూత్రం పొరపాటు హద్దు 3.27 సెం.మీ., గట్టిగా చెప్పాలంటే దానికి రెట్టింపు తీసుకోవాలి. అప్పుడు 158 నుంచి 171 దాకా. అయిదడుగుల రెండంగుళాల నుంచి అయిదడుగుల ఏడంగుళాల దాకా! మా వీధిలో మగవాళ్ళు చాలామంది అందులోనే ఉంటారు.

ఇన్ని వారాలు పనిచేసి రాసిన షీటు మీద ఇప్పటికి ఉన్నదిది: పురుషుడు, 21–30, 158–171 సెం.మీ. ఇది ఎలాంటి మనిషో చెబుతోంది. ఎవరో చెప్పడం లేదు.

జూలై 16

మిగతా గుర్తులు. రెండున్నాయి.

మొదటిది కుడి ముంజేతిలో చిటికెనవేలి వైపు ఉండే ఎముక, అల్నా. మధ్యకు కాస్త కింద ఎప్పుడో విరిగి అతుక్కుంది. అతుకు నున్నగా ఉంది, చావుకు చాలా ఏళ్ళ ముందరిది. కొద్దిగా వంకర పోయింది. ప్లేటు, స్క్రూల రంధ్రాలు లేవు, కాబట్టి ఆపరేషన్ జరగలేదు.

రెండోది పళ్ళు. ముందు పళ్ళ పింగాణీ మీద గోధుమరంగు చారలు, సుద్దలాంటి తెల్లటి మచ్చలు. ముందు గుట్కా మరకలనుకుని బ్రష్‌తో రుద్దాను. పోలేదు. మరక పైన లేదు, లోపల ఉంది. అప్పుడు ఒక్కసారిగా తెలిసింది, ఈ పళ్ళు నాకు బాగా తెలుసు. మా అమ్మ పళ్ళు ఇలాగే ఉంటాయి.

అమ్మ పుట్టింది కనిగిరి దగ్గర. అక్కడి నీళ్ళ ఫ్లోరైడ్ గురించి 1937లోనే షార్ట్ అనే డాక్టరు, ఆయన బృందం రాశారు, అప్పటికి అది మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా. నల్గొండ సంగతి అందరికీ తెలిసిందే. పింగాణీ తయారయ్యేది చిన్నతనంలో, ముందు పళ్ళకైతే ఏడెనిమిదేళ్ళలోపే. ఆ వయసులో తాగిన నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఈ మచ్చలు పడతాయి, తర్వాత ఏ ఊరు వెళ్ళినా పోవు. ఫ్లోరైడ్ ఎముకలకూ పట్టి ముదిరితే వెన్ను బిగుసుకుని, ఎముకలు బరువెక్కి, వయసు లెక్కే తప్పుతుంది. ఇతనిలో అది లేదు, పళ్ళ వరకే ఉంది. కానీ ఇతను దొరికిన కాలువ ఉన్న మండలంలో ఫ్లోరైడ్ సమస్య లేదు. ఇతను అక్కడ పెరగలేదు, ఎక్కడినుంచో వచ్చినవాడు.

పంజాబ్‌లోని అజ్నాలా బావి గుర్తొచ్చింది. 2014లో ఆ బావి తవ్వి సైనికుల ఎముకలు తీశారు. 1857లో 282 మందిని చంపారని అప్పటి బ్రిటిష్ అధికారి కూపర్ రాసిన లెక్క. వాళ్ళెవరు అన్నది వివాదంగా ఉండేది. హైదరాబాద్ సీసీఎంబీ, పంజాబ్ యూనివర్సిటీ, లక్నో బీర్బల్ సాహ్ని ఇన్‌స్టిట్యూట్, బనారస్ హిందూ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు కలిసి 50 నమూనాల్లో డీఎన్‌ఏ, 85 నమూనాల్లో ఐసోటోపులు చూసి, వాళ్ళు గంగా మైదానం వాళ్ళని 2022లో తేల్చారు. చిన్నప్పుడు తాగిన నీళ్ళ ఆక్సిజన్ గుర్తు పింగాణీలో అలాగే ఉండిపోతుంది, ఐసోటోపు పరీక్షకు ఆధారం అదే. దానికి పెద్ద ల్యాబ్ కావాలి. మా వైపు ఫ్లోరైడ్ ఆ గుర్తును కంటికి కనిపించేలా రాసిపెట్టింది. ఎంతమంది నడుములు వంచిన నీళ్ళో అవి. ఒక్క మనిషిని ఇంటికి చేర్చడానికైనా పనికొస్తే బాగుండు.

జూలై 21

మేడమ్ పాత రిపోర్టు ఇచ్చారు. చదివాను. పురుషుడు, 25–40, అయిదడుగుల అయిదంగుళాలు. కింద ఒక వరుస ఇంగ్లిష్‌లో: కుడి అల్నాలో పాత విరుగు, అతుక్కుంది. రాసినవారు సరిగ్గానే చూశారు, సరిగ్గానే రాశారు. కానీ ఆ వరుస చదివి, కనిపించకుండా పోయినవాళ్ళ ఇంటికి వెళ్ళి, తెలుగులో అడిగినవాళ్ళు ఎవరూ లేరు.

ఆ సాయంత్రమే ప్రాజెక్టు దారి మారింది. పెట్టెలు చూడటంతో పాటు, మిస్సింగ్ కేసు పెట్టడానికి వచ్చిన కుటుంబాన్ని ఏం అడగాలో తెలుగులో ఒక ఫారం తయారుచేయాలి. ఇప్పుడు స్టేషన్‌లో ఎక్కువగా రాసుకునేది రంగు, ఎత్తు, వేసుకున్న చొక్కా. రంగూ చొక్కా ఎముకల్లో మిగలవు. ఎత్తేమో ఎవర్నడిగినా "అయిదున్నర ఉంటాడండీ" అంటారు.

జూలై 26

మొదటి ఫారంలో 22 ప్రశ్నలు. అమ్మకు ఫోన్ చేసి నాన్న గురించి అడిగి పరీక్షించాను.

"నాన్నకి ఎప్పుడైనా ఎముక విరిగిందా?"

"లేదే."

నాకు తెలుసు, విరిగింది. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు బండి మీంచి పడ్డాడు. ప్రశ్న మార్చాను. "ఎప్పుడైనా కట్టు కట్టించారా?"

"ఆ, పుత్తూరు తీసుకెళ్ళాం కదే! రాత్రి బస్సెక్కి, నిన్ను మామ్మ దగ్గర వదిలి."

తిరుపతి నుంచి మద్రాసు వెళ్ళే దారిలో ఉన్న పుత్తూరు పేరు మా వైపు ఎవరికైనా తెలుసు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. ఎంతమంది చేతులో, కాళ్ళో అక్కడ అతుక్కున్నాయి. ఆ అతుకు ఎముకలో ఉంటుంది, ఆసుపత్రి రికార్డులో ఉండదు, ఇంట్లోవాళ్ళ నోట 'విరిగింది' అనే మాటా రాదు. కట్టు అంటేనే గుర్తొస్తుంది.

"ఏ చెయ్యమ్మా?"

అమ్మ ఆగిపోయింది. ముప్పై ఏళ్ళ కాపురం. "ఎడమ... ఉండు, కుడి. నెలంతా స్పూనుతో ఎడంచేత్తో తిన్నాడు, అన్నం వొంటికి పట్టట్లేదని ఒకటే గొడవ. కుడే."

ఏ చెయ్యి అని అడగడం తీసేశాను. 'కట్టు ఉన్నన్నాళ్ళు అన్నం ఎలా తిన్నారు? ఎవరు తినిపించారు?' అని పెట్టాను. పళ్ళకు కూడా అంతే: 'పన్ను పీకించారా' కాదు, 'ఏ వైపు నమిలేవారు, ఏ వైపు నొప్పి అనేవారు'. ఫోటోల గురించి ఒక హెచ్చరిక చేర్చాను. సెల్ఫీల్లో కొన్ని అద్దంలో చూసినట్టు కుడి ఎడమ తారుమారై ఉంటాయి. నవ్వుతున్న ఫోటోలో కుడి పన్ను అనుకున్నది ఎడమది కావచ్చు. చొక్కా జేబు ఏ వైపుందో చూసి సరిచూసుకోవాలి.

పుర్రె మీద ఫోటో పెట్టి పోల్చడం 1935 నుంచీ ఉంది. స్కాట్లాండ్‌లోని మాఫట్ దగ్గర దొరికిన శవాల అవశేషాలను గ్లెయిస్టర్, బ్రాష్ అనే ప్రొఫెసర్లు అలాగే పోల్చారు. ఫోటోలో హతురాలు ఇసబెల్లా రక్స్‌టన్ పెట్టుకున్న కిరీటం లాంటి నగను కొలిచి, ఫోటోను నిజమైన సైజుకు పెంచారు. కానీ ఆ పద్ధతి 'ఇతను కాదు' అని చెప్పడానికి పనికొచ్చినంతగా 'ఇతనే' అని చెప్పడానికి పనికిరాదు. మా ఫారంలో ఫోటో అడుగుతాం, పళ్ళు కనిపించే ఫోటో.

ఆగస్టు 8

స్టేషన్‌కి వెళ్ళాం. హెడ్ కానిస్టేబుల్ గారు పాత రిజిస్టర్లు దింపారు. రెండో పెట్టె ఎముకలు దొరికిన కాలంలో చుట్టుపక్కల స్టేషన్లలో కనిపించకుండా పోయిన మగవాళ్ళలో ఇంకా దొరకనివాళ్ళు పదకొండు మంది. మేం తేల్చిన వయసు, ఎత్తు పెట్టి చూస్తే తొమ్మిది మంది మిగిలారు. ఆయన నా వంక చూసి "ఇంతేనా మేడమ్" అన్నారు. కోపంగా అనలేదు, నిజంగానే అడిగారు.

పుట్టిన ఊళ్ళు చూశాం. తొమ్మిదిలో ఇద్దరిది ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతం. ఒక నంబరు పనిచేయడం లేదు. రెండోది మోగింది, కనిపించకుండా పోయినతని అన్న ఎత్తాడు. మేడమ్ ముందే గట్టిగా చెప్పారు: దొరికాడని అనకూడదు, కుడి చెయ్యి అని మన నోట రాకూడదు, జవాబు మనం అందించకూడదు. హెడ్ కానిస్టేబుల్ గారే ఫారం చూసి నెమ్మదిగా అడిగారు. కట్టు? "ఆ, తాటిచెట్టు మీంచి పడితే పుత్తూరు తీసుకెళ్ళామండి, టెంత్‌లో." ఏ చెయ్యో అడక్కుండానే ఆయనే చెప్పాడు: "ఎడం చెయ్యండి."

నా గుండె జారిపోయింది. హెడ్ కానిస్టేబుల్ గారు పెన్ను పట్టుకుని అలాగే ఆగారు. తర్వాత ఫారంలో తర్వాతి ప్రశ్న చదివారు. "కట్టు ఉన్నన్నాళ్ళు అన్నం ఎలా తిన్నాడు?" అవతల ఫోన్ చేతులు మారింది. వాళ్ళమ్మ.

"నేనే కలిపి పెట్టా సారూ. నెలన్నర. అంత పెద్దోడు, నా ముందర కూర్చుని నోరు తెరిచేవాడు."

ఆగస్టు 19

డీఎన్‌ఏ పరీక్ష కోరుతూ పోలీసుల రిక్విజిషన్ వచ్చింది. తొడ ఎముక మధ్య భాగం నుంచి చిన్న ముక్క, ఒక దవడ పన్ను సీలు వేసి ల్యాబ్‌కి పంపాం. వాళ్ళమ్మ రక్తం ఇవ్వడానికి పెద్దకొడుకుతో బస్సులో వచ్చారు. పలకరిస్తే నవ్వారు. పళ్ళ మీద అవే మచ్చలు. ఆ ఊళ్ళో అందరికీ ఉంటాయి, అది రుజువు కాదు. అన్న చెప్పిన ఎడమ చెయ్యి కూడా ఇంకా కాగితం మీద అలాగే ఉంది, నేను కొట్టేయలేదు. రెండు జవాబులూ రెండు గడుల్లో ఉన్నాయి.

రక్తం తీశాక ఆమె చేతి మడతలో దూది పట్టుకుని నన్నడిగారు: "ఆ చెయ్యి సరిగ్గా అతుక్కుందా తల్లీ? వంకరగా ఉందని ఎప్పుడూ అనేవాడు."

నేను జవాబు చెప్పలేదు. చెప్పకూడదు. "రిపోర్టు రానివ్వండమ్మా" అని మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను.

వాళ్ళు వెళ్ళాక రెండో నంబరు పెట్టె తెరిచి అల్నాను బోర్డు మీద పెట్టి ఆ వంపును కొలిచాను. 9 డిగ్రీలు. గట్టిగా అతుక్కుంది, బరువులెత్తిన చెయ్యే అది, కండరాలు పట్టుకున్న చోట గీతలు లోతుగా ఉన్నాయి. రిపోర్టు వచ్చి, అతనే అయితే, ఆమెకు మొదట చెప్పేది ఇదే. షీటులో రాసి తేదీ వేశాను.

రేపటి పని: కడ్డీతో బోర్డు సరిచూడాలి. మూడో నంబరు పెట్టె, తుంటి ఎముకలతో మొదలు. పనిచేయని ఆ ఫోన్ నంబరు ఉన్న ఇంటికి హెడ్ కానిస్టేబుల్ గారు మనిషిని పంపిస్తామన్నారు, గుర్తుచేయాలి.